కుక్క తిండి, పిల్లి తిండి ఈ ఉప్పుగాలిలో ప్లాస్టిక్ తగ్గించి ఎలా దాచాలి? (విశాఖ)

లాసన్స్‌బే_మేడమీద (ప్రశ్న)

నమస్కారం అండి. మాది విశాఖపట్నం, లాసన్స్ బే కాలనీ. మేడ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. అంత దగ్గర కాబట్టి మా ఇంట్లో ఏదీ పొడిగా ఉండదు. డబ్బాలో ఉప్పు నీరు కారుతుంది, పొద్దున్న విప్పిన బిస్కెట్ ప్యాకెట్ సాయంత్రానికి మెత్తబడిపోతుంది, కిటికీ ఊచలు ఎన్నిసార్లు రంగు వేయించినా తుప్పు పట్టేస్తాయి. హైదరాబాదులో పనికొచ్చే చిట్కా ఇక్కడ పనికి రాకపోవచ్చని ఈ సంగతి ముందే చెప్తున్నాను.

ఇంట్లో రెండు ప్రాణాలు. బొగ్గు నల్ల ఊరకుక్క, ఆరేళ్ళు, 18 కిలోలు. జున్ను తెల్ల పిల్లి, 4 కిలోలు. బొగ్గుకి రోజుకి పావుకిలో గుళికల తిండి, అప్పుడప్పుడు ఉడికించిన చికెన్. జున్నుకి కాసిని గుళికలు, రోజుకొకటి చొప్పున 85 గ్రాముల తడి తిండి పౌచ్, ఒక్కోరోజు రెండు.

జూన్‌లో జరిగింది చెప్తాను. ఆఫర్‌లో వచ్చిందని బొగ్గుకి 10 కిలోల సంచి కొన్నాను. దాన్ని చక్రాలున్న పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో ఒంపేసి, సంచి చెత్త బండిలో వేసేశాను. డబ్బా మూత గట్టిగా పడుతుంది కదా, ఇంక ఫర్వాలేదనుకున్నాను. దాన్ని బాల్కనీ మూల పెట్టాను. అడుగున పాతవి రెండు గుప్పెళ్ళు మిగిలితే వాటి మీదే కొత్తవి పోశాను. మూడు వారాలకి బొగ్గు గిన్నె దగ్గరికొచ్చి వాసన చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. అలిగాడనుకుని బతిమాలి, చేత్తో తినిపించాను. ఆ రాత్రి రెండుసార్లు కక్కాడు. మర్నాడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన అడిగిన మొదటి మాట, "సంచి మీద బ్యాచ్ నంబర్ ఎంత?" సంచి ఎక్కడుంది? ఎప్పుడో పారేశాను.

ఇంటికొచ్చి డబ్బాలో తల పెట్టి చూశాను. మిరపకాయ బజ్జీల బండి దగ్గర పాత నూనె కంపు ఉంటుందే, అదే. లోపలి గోడ మీద వేలు పెట్టి రాస్తే పచ్చగా, జిగటగా ఒక పొర అంటుకుంది. మూడుసార్లు సబ్బు పెట్టి తోమినా మూత తీయగానే అదే వాసన. సుమారు 4 కిలోల తిండి పాడైంది. వాడికి అలక లేదు, తినకూడదని వాడికి తెలిసింది, నాకు తెలియలేదు. ఆ చేత్తో తినిపించిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

రెండో సంగతి. జూలైలో ఒక పెద్ద వాన పడ్డాక బీచ్‌కి వెళ్ళాను. గెడ్డ (వాననీటి వాగు) వచ్చి సముద్రంలో కలిసే చోట ఇసక కనిపించలేదు. కవర్లు, సీసాలు, గ్లాసులు. వాటి మధ్య జున్ను తినే రకం పౌచ్ ఒకటి, అదే రంగు, అదే పిల్లి బొమ్మ. అది మా ఇంటిది అయ్యుండకపోవచ్చు. కానీ ఇంటికొచ్చి ఆ నెలంతా ఈ ఇద్దరి తిండి వల్ల వచ్చిన ప్లాస్టిక్ మొత్తం కడిగి, ఆరబెట్టి, ఒక గోనెసంచిలో వేస్తూ వచ్చాను. నెలాఖరున నేల మీద పరిచి లెక్కపెట్టాను. తడి తిండి పౌచ్‌లు 41. చికెన్ షాపు, చేపల దగ్గర నుంచి వచ్చిన నల్ల కవర్లు 13. చిరుతిళ్ళ ప్యాకెట్లు 5. గుళికల సంచులు 4. మొత్తం 63. రెండు చిన్న ప్రాణాలకి, ఒక్క నెలకి!

ఇప్పుడు నా సందేహాలు. గుళికలు స్టీలు డ్రమ్ములో పోస్తే ఈ గాలికి బాగుంటాయా? పెద్ద సంచి కొంటే ప్లాస్టిక్ తగ్గుతుంది, కానీ పాడవుతుంది. చిన్న సంచులు కొంటే పాడవవు, కానీ ప్లాస్టిక్ పెరుగుతుంది. దీనికి మధ్యేమార్గం ఏమిటి? ఆ పౌచ్‌లకి మారు ఏముంది? ఇంట్లో ఇప్పటికే ఉన్న బిర్యానీ డబ్బాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు, ఆ కంపుకొట్టే పెద్ద డబ్బా ఏం చెయ్యాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.


మర్రిపాలెం_పిన్ని

తల్లీ, ముందు నీ బొగ్గు ఎలా ఉన్నాడో చెప్పు. చేత్తో తినిపించావని బాధపడకు, ప్రేమతోనే కదా పెట్టావు.

నేను మా వీధిలో పద్నాలుగు కుక్కలకి ఏళ్ళ తరబడి పెడుతున్నాను. 20 కిలోల బస్తా తెస్తాను, పన్నెండు రోజుల్లో అయిపోతుంది, కాబట్టి నాకు పెద్ద బస్తాతో ఇబ్బంది లేదు. నీకు ఒక్క కుక్క, నీ లెక్క వేరు. దాచే పద్ధతి మాత్రం ఇద్దరికీ ఒకటే.

గుళికలు డ్రమ్ములో ఒంపకు. సంచితో సహా డ్రమ్ములో దించు. నా దగ్గర మా అమ్మ పెళ్ళినాటి పెద్ద బియ్యం డ్రమ్ము ఉంది, ఇంత మందం స్టీలు. అందులో బస్తా నిలబెట్టి, మూతి మడిచి, గాలి పోయేలా పైనుంచి అదిమి, రెండు బట్టల క్లిప్పులు పెడతాను. ఆపైన డ్రమ్ము మూత. గుళికలు డ్రమ్ముకి తగలవు కాబట్టి గోడకి జిడ్డు పట్టదు, నువ్వు చెప్పిన ఆ పచ్చ పొర రాదు. సంచి లోపలుంటే దాని మీద ఉండే నంబరు, తారీఖు అన్నీ నీ దగ్గరే ఉంటాయి.

ఒకప్పుడు నేనూ ప్లాస్టిక్ డబ్బా వాడాను. ఎలకలు ఒక రాత్రిలో మూల కొరికి అరచెయ్యి పట్టే కన్నం పెట్టాయి. ఆ తర్వాత రేకు డబ్బా కొన్నాను, రెండు వానాకాలాలకి అడుగు తుప్పు పట్టి ఊడిపోయింది. సముద్రం నాకు నీ అంత దగ్గర కూడా కాదు, అయినా అంతే. స్టీలు దుకాణంలో 304 రకం అని అడిగి తీసుకో, అది తొందరగా తుప్పు పట్టని స్టీలు. ఒడ్డున ఉన్నావు కాబట్టి దాని మీద కూడా ఎప్పుడైనా గోధుమరంగు చుక్కలు కనపడతాయి, తడిగుడ్డ పెట్టి తుడిచి, పొడిగుడ్డతో ఒత్తితే పోతాయి. కొత్తది కొనే ముందు మీ పుట్టింటి అటక మీద చూడు. ఇప్పుడు అందరూ బియ్యం సంచుల్లోంచే వాడుకుంటున్నారు, పాత డ్రమ్ములు ఊరికే పడి ఉంటాయి.

బాల్కనీలో పెట్టకు. ఎండ తగిలే చోటు, వంటింట్లో స్టవ్ పక్క చోటు, ఫ్రిజ్ వెనకాల వేడి కొట్టే చోటు, ఈ మూడూ వద్దు. నేను మంచం పక్కన, నాలుగు ఇటుకల మీద పెడతాను. చీమలు పడితే కింద వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో ఇటుక పెట్టి దాని మీద డ్రమ్ము పెట్టు. కొలతకి గిద్దె వాడతాను, చిన్న ఇత్తడి గిద్దె. దాన్ని డ్రమ్ములో వదిలెయ్యను, రోజూ కడిగి బోర్లిస్తాను.

నల్ల కవర్ల సంగతి. చికెన్ షాపుకి నేను క్యారియర్ తీసుకెళ్తాను. మొదటి రోజు ఆ అబ్బాయి కందనకాయలు, కార్జాలు కవర్లో వేసి, ఆ కవర్ని తీసి నా గిన్నెలో పెట్టి ఇచ్చాడు! కోప్పడలేదు. "బాబూ, ముందు ఖాళీ గిన్నె తూకం వెయ్యి, తర్వాత నేరుగా గిన్నెలో వేసి ఆ బరువు తీసెయ్" అని చెప్పాను. మూడోసారికి తనే గిన్నె అందుకుని తూకం మీద పెట్టాడు. ఇప్పుడు నన్ను చూసి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు గిన్నెలు తెస్తున్నారు.

ఖాళీ బస్తాలు పారెయ్యను. అల్లిక బస్తాలైతే తిరగేసి, సబ్బునీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఉతికి ఆరేస్తే మా వీధి టైలరు పాత చీర అంచుతో పిడులు కుట్టి ఇస్తాడు. రైతుబజారుకి ఆ సంచే. ఐదు కిలోల ఉల్లిపాయలు వేసినా తెగదు.


గాజుసీసా_అభిమాని

నేను గుళికలు హార్లిక్స్ సీసాల్లాంటి పాత గాజు సీసాల్లో వారానికి సరిపడా పోసుకుంటాను. మిగతాది సంచిలోనే. సంచి రోజూ విప్పక్కర్లేదు, వారానికి ఒకసారి చాలు. మీ పిల్లికి ఈ పద్ధతి సరిపోతుంది. సీసా అలమరలో పెట్టండి, వెలుతురు తగలకూడదు.


పశువైద్యంలో_చిన్నపని

అండీ, పిన్నిగారు చెప్పినది సరైన పద్ధతి. కారణం కూడా చెప్తాను, కారణం తెలిస్తే మీ ఇంటికి తగ్గట్టు మీరే మార్చుకోవచ్చు.

గుళికల మీద కొవ్వు పూత ఉంటుంది. గాలి, వెలుతురు, వేడి తగిలితే ఆ కొవ్వు పాడవుతుంది. మీకు వచ్చిన పాత నూనె కంపు అదే. దాంతోపాటు కొన్ని విటమిన్లు కూడా తగ్గిపోతాయి. ఫ్యాక్టరీ సంచి లోపలి పొర కొవ్వు బయటికి రాకుండా, చెమ్మ లోపలికి పోకుండా చేసింది. ప్లాస్టిక్ డబ్బాకి తోమినప్పుడల్లా సన్నటి గీతలు పడతాయి, కొవ్వు ఆ గీతల్లో దాక్కుంటుంది, కొత్త తిండి పోయగానే దానికీ అంటుకుంటుంది. మీరు మూడుసార్లు తోమినా వాసన పోకపోవడానికి అదే కారణం. అందులో ఇంక తిండి పెట్టకండి.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెంపుడు జంతువుల పొడి తిండిని 80 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు, అంటే సుమారు 27 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంచమని, వీలైతే అసలు సంచిలోనే ఉంచమని చెప్తుంది. మన విశాఖలో మే నెలలో రాత్రి కూడా ఇల్లు అంత చల్లగా ఉండదు. కాబట్టి ఇక్కడ విప్పిన సంచి నెలలోపే అయిపోయేలా కొనండి. వానాకాలంలో ఇంకా ముందే. గుళికలు చెమ్మబారి మెత్తబడినా, బూజు కనపడినా మొత్తం పారెయ్యాలి. బూజుపట్టిన చోటు తీసేసి మిగతాది ఎండబెట్టి పెట్టడం, వేయించి పెట్టడం చాలామంది చేస్తారు. కొన్ని బూజులు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం మన వంట వేడికి పోదు. అది కుక్కల కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

స్టీలు డ్రమ్ము కూడా సంచి మారినప్పుడల్లా కడగండి. కడిగాక పూర్తిగా ఆరాలి, ఇది ముఖ్యం. మీ దగ్గర వానాకాలంలో ఎండ లేకపోతే పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద ఒక రాత్రి బోర్లించకుండా పక్కకి వాల్చి పెట్టండి. పాత గుళికల మీద కొత్తవి ఎప్పుడూ పోయకండి.

ఇంకో మాట. జున్ను ప్లాస్టిక్ గిన్నెలో తింటోందా? గడ్డం కింద నల్లటి చుక్కలు, కురుపులు ఉంటే గిన్నె మార్చి స్టీలుదో పింగాణీదో పెట్టండి. ప్లాస్టిక్ గిన్నెలు వాడే పిల్లుల్లో ఆ ఇబ్బంది కనిపిస్తుంది.


లాసన్స్‌బే_మేడమీద

బొగ్గు బాగున్నాడు పిన్నిగారూ, రెండు రోజులు పెరుగన్నం తిని లేచాడు. మీరు ముందు వాడి గురించి అడిగినందుకు చాలా సంతోషం. డాక్టర్ గారూ (మిమ్మల్ని అలాగే పిలుస్తాను), జున్ను గడ్డం ఎత్తి చూశాను. తెల్ల పిల్లి కాబట్టి స్పష్టంగా కనిపించాయి, మిరియాల పొడి చల్లినట్టు నాలుగైదు నల్లచుక్కలు. మురికి అనుకుని ఇన్నాళ్ళూ తుడుస్తూ వచ్చాను. ఈరోజే స్టీలు పళ్ళెం పెట్టాను.

మా అమ్మకి ఫోన్ చేశాను. భీమిలిలో మా నాన్నగారింట్లో అటక మీద డ్రమ్ము ఉందట, ఆదివారం తెచ్చుకుంటాను. చిట్టివలస జూట్ మిల్లు రోజుల నాటి గోనెసంచులు కూడా ఉన్నాయట, తెమ్మన్నాను.

లెక్క మాత్రం ఇంకా కుదరలేదు. బొగ్గుకి నెలకి ఏడున్నర కిలోలు. 10 కిలోల సంచి 40 రోజులు వస్తుంది, అంటే డాక్టర్ గారు చెప్పిన గడువు దాటుతుంది. 3 కిలోలవి కొంటే నెలకి రెండున్నర సంచులు. సాయంత్రం ఇంట్లో వండి పెట్టి గుళికలు సగానికి తగ్గిస్తే 3 కిలోల సంచి 24 రోజులు వస్తుంది, కానీ రోజూ సగం ఇంటి వంట మంచిదేనా? విడిగా అమ్మే షాపులున్నాయి కదా, డబ్బా పట్టుకెళ్ళి రెండేసి కిలోలు తెచ్చుకుంటే ఎలా ఉంటుంది?


డాబాగార్డెన్స్_దుకాణం

మేడమ్ గారూ, నేను పెంపుడు జంతువుల తిండి అమ్ముతాను, విడిగా కూడా అమ్ముతాను. ఉన్నమాట చెప్తాను. విడిగా కొంటే ప్లాస్టిక్ తగ్గడం నిజమే. కానీ షాపులో విప్పిన బస్తా రోజుకి ఇరవై సార్లు తెరుచుకుంటుంది. ఆ బస్తా మూడు నాలుగు రోజుల్లో అయిపోతే ఫర్వాలేదు, అమ్మకం తక్కువ ఉన్న రకమైతే మీకు వచ్చేసరికి అది గాలి తగిలి నెల అయ్యుండొచ్చు. అందుకని అడగడానికి మొహమాటపడకండి. "ఈ బస్తా ఎప్పుడు విప్పారు? బస్తా చూపించండి" అనండి. బస్తా మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. డబ్బాలో గుమ్మరించి బస్తా చూపించలేమనే చోట కొనకండి. నా దగ్గర స్టీలు డబ్బా తెచ్చేవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు, వాళ్ళకోసం బస్తా మూతి దగ్గరే కొలిచి ఇస్తాను. వానాకాలంలో మాత్రం విడి సరుకు నేనే వద్దంటాను.

మీకు ఇంకో దారి చెప్తాను. మీ అపార్ట్‌మెంట్‌లోనో వీధిలోనో అదే తిండి తినే ఇంకో కుక్క ఉందేమో చూడండి. ఇద్దరూ కలిసి 10 కిలోలు కొనండి.


పశువైద్యంలో_చిన్నపని

ఆ కలిసి కొనే ఆలోచన చాలా బాగుంది. ఇంటి వంట గురించి: వారంలో ఒకటి రెండు పూటలు కోడిమాంసం, అన్నం, గుమ్మడికాయ ఉడికించి పెడితే ఇబ్బంది లేదు. రోజూ సగం తిండి అదే అయితే కొన్ని నెలలకి కాల్షియం లాంటివి తక్కువ పడతాయి. అలా చెయ్యాలనుకుంటే బొగ్గు బరువు, వయసు చూసి మీ డాక్టరుతో కొలతలు రాయించుకోండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వద్దు. ఉడికిన ఎముకలు అసలు వద్దు, చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.


పెదజాలారిపేట_తమ్ముడు

అక్కా, మీ పిల్లి గురించి నేను చెప్తాను, మా ఇంట్లో మూడున్నాయి. మీ ఇంటికి మా పేట దగ్గరే. పొద్దున్న ఒడ్డుకి గిన్నె పట్టుకుని రండి. కవళ్ళు అనే చిన్న చేపలు వచ్చిన రోజు పావుకిలో చాలు, చవకే. కవరు అడగకండి, మా అమ్మావాళ్ళు గిన్నెలోనే వేస్తారు. ఇంటికెళ్ళి తల, పేగులు తీసి, ఇడ్లీ కుక్కర్లో ఆవిరి మీద పది నిమిషాలు ఉడికించి, ముల్లు తీసేసి చిన్న స్టీలు డబ్బాల్లో సర్ది ఫ్రీజర్లో పెట్టండి. ఉప్పు వెయ్యకండి. పచ్చివి పెట్టకండి, మా తాత పచ్చివే విసిరేవాడు గానీ డాక్టరు వద్దన్నారు. ఎండు నెత్తళ్ళు కూడా వద్దు, ఉప్పెక్కువ.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకి వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రెండు నెలలు మాత్రం చేప తక్కువ, ధర ఎక్కువ. అప్పటికి వేరే ఏర్పాటు చూసుకోండి.


పశువైద్యంలో_చిన్నపని

తమ్ముడు చెప్పింది నిజం. కవళ్ళ లాంటి కొన్ని పచ్చిచేపల్లో విటమిన్ బీ1ని నాశనం చేసే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. కానీ పిల్లిని చేప ఒక్కదాని మీదే ఉంచకండి. పిల్లికి టౌరిన్ అనే పోషకం తప్పనిసరి, అది తక్కువైతే కళ్ళు, గుండె దెబ్బతింటాయి. కాబట్టి అసలు తిండి 'సంపూర్ణ ఆహారం' అని రాసి ఉన్నదే అవ్వాలి, చేప పక్క వంటకంలా ఉండాలి.

పౌచ్‌లకి బదులు 400 గ్రాముల టిన్ను చూడండి. ఒక టిన్ను దాదాపు ఐదు పౌచ్‌లతో సమానం. టిన్ను లోహం కాబట్టి పాత సామాన్లవాళ్ళు తీసుకుంటారు. పౌచ్‌లో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి, విడదీయడం కష్టం, అందుకే ఎవరూ కొనరు. విప్పిన టిన్నులో మిగిలినది వెంటనే గాజు గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు మూడు రోజుల్లో వాడేయండి. అంతకన్నా ఎక్కువ ఉంటే మొదటి రోజే సగం ఫ్రీజర్లో పెట్టాలి. ఫ్రీజర్‌కి గాజు వాడితే నిండా నింపకండి, గడ్డకట్టినప్పుడు ఉబ్బి సీసా పగులుతుంది.


మర్రిపాలెం_పిన్ని

నీ పాత డబ్బాల సంగతి ఎవరూ చెప్పలేదు తల్లీ. ఆ కంపుకొట్టే పెద్ద డబ్బాలో జున్ను దొడ్డికి వెళ్ళే మట్టి పోసి దాచుకో. దానికి మూత గట్టిగా ఉండటం మంచిదే, చెమ్మ తగలదు. ఐస్‌క్రీమ్ డబ్బాల్లో దువ్వెన, గోళ్ళ కత్తెర, మందులు పెట్టు. బిర్యానీ డబ్బాలు పల్చన, వేడివి, నూనెవి వాటిలో మళ్ళీ పెట్టకు. మేకులు, దారపు ఉండలు, కొత్తిమీర విత్తనాలు వేసుకో, పగిలేదాకా పనికొస్తాయి. రంగు డబ్బా, సర్ఫు డబ్బా ఎంత కడిగినా తిండికి వాడకు. మా పక్కింటావిడ పెయింటు బకెట్లో కుక్కకి అన్నం కలిపేది, నేనే మాన్పించాను. ఇంకో కొత్త ప్లాస్టిక్ డబ్బా మాత్రం కొనకు, 'పర్యావరణానికి మంచిది' అని రాసి ఉన్నా సరే. ఇంట్లో ఉన్నవే ఇన్ని ఉన్నాయి కదా.


లాసన్స్‌బే_మేడమీద

రెండు నెలల తర్వాత వచ్చి రాస్తున్నాను.

డ్రమ్ము వచ్చింది. మూత మీద మా అమ్మ పేరు చుక్కలతో కొట్టి ఉంది. హాలులో సోఫా వెనకాల ఇటుకల మీద పెట్టాను, గోనెసంచి మడతపెట్టి పైన కప్పాను. పైఅంతస్తు వాళ్ళ కుక్క కూడా బొగ్గు అంత బరువే, అదే తిండి. ఇద్దరికీ కలిపి రోజుకి అరకిలో, కాబట్టి 10 కిలోల సంచి 20 రోజుల్లో అయిపోతోంది. సంచి మా డ్రమ్ములో ఉంటుంది. వాళ్ళమ్మాయి ప్రతి శనివారం స్టీలు డబ్బా పట్టుకుని దిగి వస్తుంది, ఇద్దరం కలిసి కొలుస్తాం. సంచి విప్పిన తేదీ పెన్నుతో దాని మీదే రాస్తున్నాం. బొగ్గు మొదటి రోజు డ్రమ్ము మూత చప్పుడుకి బెదిరి మంచం కింద దూరాడు, ఇప్పుడు ఆ చప్పుడు వినపడగానే వంటింట్లో ఉన్నా పరిగెత్తుకొస్తున్నాడు.

పెదజాలారిపేటకి వారానికి రెండుసార్లు వెళ్తున్నాను తమ్ముడూ. మీ పేటలో ఒకామె నా గిన్నె చూసి "పిల్లికా?" అని అడిగి ఎప్పుడూ రెండు చేపలు ఎక్కువ వేస్తుంది. జున్నుకి టిన్ను తిండి అలవాటవడానికి పదిరోజులు పట్టింది. మొదట మూతి తిప్పుకుంది, కవళ్ళ ఆవిరి నీళ్ళు ఒక చెంచా కలిపితే తిన్నది. గడ్డం కింద చుక్కలు పోయాయి, పళ్ళెం కడగడం మాత్రం మానలేదు.

ఒక్క చోట నాకు చిరాకు ఉంది, చెప్పకుండా ఉండలేను. 2022 జూన్ 5 నుంచి మన నగరపాలక సంస్థ జీవీఎంసీ ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని నిషేధించింది. ఆ ఏడాదే డిసెంబరు 31 నుంచి దేశమంతటా 120 మైక్రాన్లకన్నా పల్చని చేతిసంచులు చెల్లవు. అయినా మా చికెన్ షాపులో నల్ల కవర్లు కట్టలు కట్టలుగా వేలాడుతున్నాయి. ఇంక ఫ్యాక్టరీ నుంచే వచ్చే పౌచ్‌లు ఆ చేతిసంచుల నిబంధనలోకే రావు. కంపెనీలు వాటిని వెనక్కి తీసుకునే పెట్టె ఒక్కటైనా షాపుల్లో పెడితే నేను కడిగి తీసుకెళ్ళి వేస్తాను. రెండు కంపెనీలకి ఈమెయిల్ రాశాను. ఒకరి దగ్గర్నుంచి "మీ సూచనకు ధన్యవాదాలు" అని వచ్చింది. మళ్ళీ రాస్తాను.

ఈ నెల గోనెసంచి విప్పి లెక్కపెట్టాను. పౌచ్‌లు 6, ఊరెళ్ళినప్పుడు పక్కింట్లో జున్నుని వదిలితే వాళ్ళు పెట్టినవి. నల్ల కవరు 1, క్యారియర్ మర్చిపోయిన రోజుది. చిరుతిళ్ళ ప్యాకెట్లు 2. 10 కిలోల సంచి 1, జున్ను గుళికల సంచి 1. మొత్తం 11. టిన్నులు 7 కడిగి పెట్టాను, పాత సామాన్లతను వచ్చే వారం వస్తానన్నాడు.

పిన్నిగారూ, ఆ 10 కిలోల సంచి అల్లికది కాదు, నున్నటి మెరుపు రకం. మీ టైలరు దానికి కూడా పిడులు కుట్టగలడంటారా? కుట్టగలిగితే మర్రిపాలెం నేనే వస్తాను, వీధి పేరు ప్రైవేటు మెసేజ్‌లో పెట్టండి.


మర్రిపాలెం_పిన్ని

కుడతాడు. సూది సన్నది కావాలంటాడు, అంతే. బొగ్గుని కూడా తీసుకురా, సాయంత్రం ఆరుకి మా పద్నాలుగూ గేటు దగ్గరే ఉంటాయి.